తోక తెగిన బల్లికి మనమేం చేయాలి?

ఎవరో తలుపు వేస్తారు. సందులో బల్లి ఉన్న సంగతి చూసుకోరు. మరుక్షణం బల్లి గోడెక్కి పారిపోతుంది. గడప దగ్గర దాని తోక ఒక్కటే గిలగిల కొట్టుకుంటూ మిగిలిపోతుంది. చుట్టూ చేరిన పిల్లల్లో ఒకరు “అయ్యో పాపం!” అంటారు. ఇంకొకరు “ఏం ఫరవాలేదు, మళ్ళీ మొలుస్తుంది” అంటారు. మీలో చాలామంది ఇలాంటిది చూసే ఉంటారు.

ఆ రెండో మాట నేను కూడా ఒకసారి అన్నాను. దాని ఫలితం ఇప్పటికీ మరచిపోలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తరోజులు. తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను. ఒకరోజు ఒక కుర్రాడు గాజు సీసాలో బల్లిని పెట్టుకుని వచ్చాడు. కిటికీ రెక్క కింద పడి దాని తోక నలిగింది. అయితే తోక ఊడి పడలేదు. సగానికి చిట్లి, కాస్త చర్మం పట్టుకుని వేలాడుతోంది. “సార్, దీన్ని నేను పెంచుకుంటాను. ఏం మందు వేయాలి?” అని అడిగాడు. నేను హాజరు పట్టీలోంచి తలైనా ఎత్తకుండా, “బల్లి తోక మళ్ళీ వస్తుందిలేరా. కావాలంటే కాస్త పసుపు పెట్టు” అన్నాను.

వాడు నా మాట తు.చ. తప్పకుండా పాటించాడు. పసుపు నూనెలో కలిపి ముద్దగా పట్టించాడు. వేలాడే ముక్క ఊడిపోకుండా దారంతో గట్టిగా కట్టాడు. సీసాలో అన్నం మెతుకులు వేశాడు. మూతకు రెండు చిల్లులు పెట్టి, వెలుతురు బాగుంటుందని కిటికీలో ఉంచాడు. ఆరో రోజు ఉదయానికి బల్లి చచ్చిపోయింది. తోక మొదలుదాకా నల్లబడి ఉంది. “మళ్ళీ వస్తుందన్నారు కదా సార్?” అన్నాడు వాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

బల్లి తోక మళ్ళీ మొలుస్తుందన్న మాట అబద్ధం కాదు. కాని ఏ గాయమైతే మొలుస్తుంది? ఏ గాయమైతే మొలవదు? ఎప్పుడు మనం చేయి పెట్టకూడదు? ఎప్పుడు తప్పక పెట్టాలి? ఈ తేడా తెలియకపోతే ఆ మాట ఒక ప్రాణాన్ని తీయగలదు. ఆ తేడా ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

తోక ఎలా ఊడుతుంది?

తపాలా బిళ్ళల కాగితాన్ని ఎప్పుడైనా చూశారా? బిళ్ళకూ బిళ్ళకూ మధ్య వరసగా చిన్న చిన్న చిల్లులు ఉంటాయి. అక్కడ మడిచి లాగితే నీటుగా తెగి వస్తుంది. బల్లి తోకలో కూడా దాదాపు ఇలాంటి ఏర్పాటే ఉంది.

తోక పొడవునా వెన్నుపూసలు ఉంటాయి. తోక మొదట్లో ఉన్న కొన్నింటిని వదిలేస్తే, తక్కిన పూసల్లో ఒక్కొక్క దానికీ నడుమ ఒక బలహీనమైన పగులు గీత ఉంటుంది. అంటే తోక ఊడేటప్పుడు రెండు పూసల మధ్య కీలు విడిపోదు. పూస తానే నడిమికి రెండవుతుంది. ఆ గీతకు సరిగ్గా ఎదురుగా కండరాలు, కొవ్వు, చర్మం కూడా విడిపోవడానికి అనువుగా అమరి ఉంటాయి. శత్రువు తోక పట్టుకోగానే బల్లి అక్కడి కండరాలను గట్టిగా బిగిస్తుంది. తోక ఠక్కున ఊడిపోతుంది. శత్రువు దాన్ని లాగి తెంపనక్కరలేదు. బల్లే దాన్ని వదిలేస్తుంది. దీన్ని స్వయం విచ్ఛేదన అంటారు.

ఇంత సులువుగా ఊడే తోక, బల్లి పరుగెత్తేటప్పుడు ఎందుకు ఊడిపోదు? ఈ ప్రశ్నకు 2022లో అబూదాబీలోని న్యూయార్క్ విశ్వవిద్యాలయ శాఖ శాస్త్రజ్ఞులు ఒక జవాబు చెప్పారు. ఊడిన చోట కండరాల కొసలను సూక్ష్మదర్శినితో చూస్తే, పుట్టగొడుగుల్లాంటి అతి సన్నని స్తంభాలు కిక్కిరిసి కనిపించాయి. వాటి తలల మీద ఇంకా సన్నని రంధ్రాలున్నాయి. తిన్నగా లాగితే ఈ అతుకు గట్టిగా పట్టుకుంటుంది. పక్కకు వంచితే మాత్రం ఒక అంచునుంచి ఒలుచుకుంటూ విడిపోతుంది. గోడకు అంటించిన కాగితాన్ని మొత్తంగా లాగితే రాదు కాని, ఒక మూల పట్టుకుని ఒలిస్తే వచ్చేస్తుంది కదా! అలాగన్నమాట.

తోక ఊడిన చోట రక్తం ధారగా కారకపోవడం మీరు గమనించారా? తోకలోని ధమని చుట్టూ కొన్ని చోట్ల కండరపు వలయాలున్నాయి. తోక ఊడగానే అవి సంచి మూతి తాడు లాగినట్టు బిగుసుకుని రక్తాన్ని ఆపేస్తాయి. 

ఊడిన తోక ఎందుకు గంతులేస్తుంది? కండరాలను ఆడించే వెన్నుపాము ముక్క దానిలో ఇంకా ఉంది కనుక. మెదడుతో సంబంధం తెగిపోయినా, కండరాల్లో నిలవ ఉన్న శక్తి అయిపోయేదాకా ఆ ముక్క పనిచేస్తూనే ఉంటుంది. 2009లో హైయమ్, రస్సెల్ అనే శాస్త్రజ్ఞులు చిరుత బల్లుల తోకలను పరిశీలించి, అవి అటూ ఇటూ ఊగడమే కాక పల్టీలు కూడా కొడతాయని వివరించారు. పిల్లి ఆ పల్టీలు చూస్తూ ఉండగానే బల్లి ప్రాణాలు దక్కించుకుంటుంది. బతికుంటే బలుసాకు తినవచ్చు అన్న సామెత బల్లికి బాగా వర్తిస్తుంది.

అన్ని సరీసృపాలూ ఇలా చేయలేవు. మన ఇంటి బల్లి, చెత్తకుప్పల దగ్గర తిరిగే నలికండ్ల పాము తోక వదలగలవు. ఉడుము, ఊసరవెల్లి వదలలేవు. వాటి తోక తెగితే అది మామూలు గాయమే. తిరిగి మొలవదు.

మళ్ళీ మొలిచేది పాత తోకేనా?

కాదు. నీటుగా ఊడిన చోట వారం పది రోజుల్లో కొత్త చర్మం కప్పుకుంటుంది. దాని కింద కణాలు వేగంగా విభజన చెంది చిన్న మొటిమలాగ పైకి వస్తాయి. ఆ మొటిమ సాగి తోకవుతుంది. దీన్ని పునరుత్పత్తి అంటారు. చాలా బల్లుల్లో రెండు మూడు నెలల్లో తోక చెప్పుకోదగినంత పెరుగుతుంది. 

కాని ఈ కొత్త తోకలో వెన్నుపూసలు ఉండవు. వాటి బదులు మృదులాస్థితో చేసిన ఒక గొట్టం ఉంటుంది. మన చెవి డొప్పలో వంగే ఎముకలాంటిది ఉందే, అదీ మృదులాస్థి. పూసలు లేవు కనుక పగులు గీతలు కూడా లేవు. కొత్త తోకను బల్లి మధ్యలో విరవలేదు. రెండోసారి ఆపద వస్తే ఇంకా పైన, పాత తోక మిగిలి ఉన్న చోట విరవాలి. అంటే తోక ఊడిన ప్రతిసారీ బల్లికి మిగిలిన అవకాశాలు తగ్గుతూ పోతాయి.

దీనికి మరో మూల్యం కూడా ఉంది. చాలా బల్లులు కొవ్వును తోకలోనే దాచుకుంటాయి. తిండి దొరకని రోజుల్లో అదే వాటి గాదె. తోక పోతే గాదె పోయినట్టే. కొత్త తోకకు ఖర్చయ్యే ఆహారం ఒంటి పెరుగుదలకు, గుడ్లకు తగ్గుతుంది. ఇంకా ఒక సంగతి. 2008లో అమెరికాలోని బర్క్‌లీ శాస్త్రజ్ఞులు ఒక జాతి ఇంటి బల్లిని గమనించారు. గోడ మీద కాలు జారితే అది తోకను గోడకు అదిమిపెట్టి వెనక్కి పడకుండా నిలదొక్కుకుంటుంది. వెల్లకిలా కింద పడితే తోకను తిప్పి, సెకనులో పదో వంతు కాలంలో బోర్లా తిరుగుతుంది. తోకలేని బల్లి ఈ పనులు అంత బాగా చేయలేదు.

కాబట్టి “మళ్ళీ మొలుస్తుందిగా” అని సరదాకి బల్లి తోక మీద కర్రతో కొట్టే పిల్లలు, దాని గాదెనూ, దాని ఊతకర్రనూ, ఆపదలో తప్పించుకునే ఒక దారినీ ఒక్క దెబ్బతో లాగేసుకుంటున్నారు.

గాయాలు మూడు రకాలు

బల్లి తోక గాయాన్ని చూడగానే, అది ఈ మూడింటిలో ఏదో ముందు తేల్చుకోవాలి.

మొదటిది: నీటుగా ఊడిన తోక. కొస గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది. రక్తం దాదాపు ఉండదు. ఇది బల్లి తానే వదిలిన తోక. ఇది చాలావరకు తనంతట తానే మానుతుంది.

రెండోది: నలిగిన, చిట్లిన, సగం తెగి వేలాడే తోక. ఇక్కడ పగులు గీత వెంట విడిపోవడం జరగలేదు. ఎముక ముక్కలై ఉండవచ్చు. రక్తనాళాలు చిరిగి ఉంటాయి. వేలాడే ముక్కకు రక్తం అందక కణాలు చచ్చిపోతాయి. చచ్చిన కణాలు సూక్ష్మజీవులకు విందుభోజనం. అక్కడ పెరిగిన సూక్ష్మజీవులు పైకి, ఒంట్లోకి పాకుతాయి. మా కుర్రాడి బల్లికి జరిగింది ఇదే.

మూడోది: దెబ్బ ఏమీ తగలకుండానే కొస నల్లబడే తోక. ఇది పెంపుడు బల్లుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. బల్లి అప్పుడప్పుడు పై పొర చర్మాన్ని విడుస్తుంది. గాలిలో తేమ చాలకపోతే ఆ పొర పూర్తిగా ఊడదు. తోక కొసన, కాలి వేళ్ళ చుట్టూ ఉంగరంలా బిగుసుకుని ఉండిపోతుంది. మీ వేలికి దారం గట్టిగా చుట్టి చూడండి. క్షణాల్లో వేలు కందిపోతుంది. వెంటనే విప్పేయండి! బల్లికి ఆ దారాన్ని విప్పేవారు లేరు. రోజులు గడిచేకొద్దీ కొసకు రక్తం అందక, అది ఎండి నల్లబడి చచ్చిపోతుంది.

ఒక పెంపుడు బల్లి కథ

ఈ మూడో రకం గాయాన్ని గురించి నన్ను ఆలోచింపజేసినవాడు నా పాత విద్యార్థి ఒకడు. అతను ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. మనం చిలకనో కుందేలునో పెంచినట్టు అక్కడ చాలా ఇళ్ళలో చిరుత బల్లిని పెంచుతారు. ఇది మన గోడబల్లికి దూరపు చుట్టం. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, భారతదేశపు వాయవ్య భాగంలోని రాతి నేలలు దీని స్వస్థలం. పసుపు ఒంటి మీద నల్ల మచ్చలుంటాయి. మన బల్లికి కనురెప్పలు లేవు, దీనికి ఉన్నాయి. మన బల్లి గోడలెక్కుతుంది, ఇది ఎక్కలేదు. బాగా చూసుకుంటే పదిహేను ఇరవై ఏళ్ళు బతుకుతుంది. తోక లావుగా, కొవ్వుతో నిండి ఉంటుంది.

ఒకరోజు అతను ఫోన్ చేశాడు. “మాస్టారూ, మా అమ్మాయి పెంచుకునే బల్లికి తోక కొస సెంటీమీటరు మేర నల్లబడింది. పిల్ల అన్నం మానేసి కూర్చుంది. మీరు చిన్నప్పుడు బల్లి తోక పాఠం చెప్పారు కదా, మళ్ళీ వస్తుందా?” అని అడిగాడు. ఈసారి నేను తొందరపడి జవాబు చెప్పలేదు. ఫొటో పంపించమన్నాను. నలుపు మొదలయ్యే చోట సన్నని తెల్లటి వలయం ఉంది. పాత చర్మం! తొట్టిలో పొడి ఇసుక పరచి ఉంది. తేమ ఉన్న మూల ఒక్కటీ లేదు.

“మొదట సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుడి దగ్గర సమయం తీసుకో. ఈలోగా ఈ పనులు చెయ్యి” అన్నాను. వాళ్ళు ఏం చేశారో చూడండి.

ఒక వెడల్పాటి డబ్బాలో గోరువెచ్చని నీళ్ళు, బల్లి పొట్ట తడిసేంత లోతు మాత్రమే పోశారు. నీళ్ళు సుమారు 30 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మన చేతికి వేడి, చలి రెండూ అనిపించకూడదు. బల్లిని పావుగంట అందులో ఉంచారు. పక్కనే మనిషి ఉన్నారు. తర్వాత తడిపిన దూదిపుల్లతో తోక మీద మెల్లగా, మొదలునుంచి కొసవైపు దొర్లించారు. గోటితో గిల్లలేదు, లాగలేదు. మొదటి రోజు ఉంగరం రాలేదు. మర్నాడు మళ్ళీ చేస్తే మెత్తబడి ఊడివచ్చింది.

ఉంగరం పోయింది కాని నలుపు పోలేదు. చచ్చిన కణాలు తిరిగి బతకవు. వైద్యుడు పరీక్షించి, నలుపుకు పైన ఆరోగ్యంగా ఉన్న చోట తోకను తొలగించారు. కుట్లు వేయలేదు. ఆ పిల్లకు ఇది ఆశ్చర్యంగా తోచింది. నన్ను అడిగింది. మన వేలికి గాయమైతే అంచులు దగ్గరికి చేర్చి కుడతారు. బల్లి తోకను అలా కుట్టేస్తే కొత్త తోక మొలకెత్తడానికి దారి మూసుకుపోతుంది. అందుకే తెరిచి ఉంచి, శుభ్రంగా కాపాడతారు. రెండు నెలలు దాటేసరికి పొట్టిగా, నున్నగా, దుంపలాగ ఒక తోక వచ్చింది. పాత తోక మీద ఉన్న మచ్చలు, గరుకుదనం దానికి లేవు.

మానేదాకా ఎలా చూసుకోవాలి?

పెంపుడు బల్లి తోక ఊడినప్పుడు, వైద్యుడి సలహాతో పాటు ఇంట్లో చేయవలసినవి ఇవి.

1. వేరుగా ఉంచాలి. పక్క బల్లి ఉంటే గాయాన్ని కొరకవచ్చు.

2. ఇసుక, మట్టి, రంపపు పొట్టు తీసేసి, తెల్లని సాదా కాగితం పరచాలి. ఇసుక గాయానికి అంటుకుంటుంది. కాగితాన్ని రోజూ మార్చాలి. దాని మీద రక్తపు చుక్క పడినా, చీము పడినా వెంటనే తెలుస్తుంది.

3. గాయానికి మట్టి అంటితే ఉప్పునీటితో కడగాలి. లీటరు నీటిని మరిగించి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు కలపాలి. 100 మిల్లీలీటర్లకు ఎంత ఉప్పు కావాలో మీరే లెక్క కట్టండి. పోవిడోన్ అయొడిన్ వాడమని వైద్యుడు చెబితే, దాన్ని నీటితో పలుచని టీ రంగు వచ్చేదాకా పలచన చేసి వాడాలి.

4. వెచ్చదనం తగ్గకూడదు. చిరుత బల్లికి తొట్టిలో ఒక పక్క 31–32 డిగ్రీలు, రెండో పక్క 25 డిగ్రీలకు అటూ ఇటూ ఉంచుతారు. ఎక్కడ ఉండాలో బల్లే ఎంచుకుంటుంది.

5. తాగే నీరు రోజూ మార్చాలి. మేతగా వేసిన కీచురాళ్ళలో తినగా మిగిలినవి తీసేయాలి. వదిలేస్తే అవి రాత్రిపూట గాయాన్ని కొరుకుతాయి.

6. అనవసరంగా చేతిలోకి తీసుకోకూడదు. భయపడితే మిగిలిన తోక కూడా వదిలేయవచ్చు.

నాలుగో విషయం దగ్గర కాసేపు ఆగుదాం. మనకు జబ్బు చేస్తే ఒళ్ళు తానే వేడెక్కుతుంది. జ్వరం అంటాం. బల్లి శీతల రక్త జంతువు. తన ఒంట్లో వేడి తాను పుట్టించుకోలేదు. బయటి వేడి మీదే ఆధారపడాలి. మరి దానికి జ్వరం ఎలా వస్తుంది? 1975లో అమెరికాలో క్లూగర్, ఆయన సహచరులు ఎడారి ఇగ్వానాలనే బల్లి జాతి జీవుల మీద ఒక ప్రయోగం చేశారు. వాటికి ఒక రోగకారక బాక్టీరియాను ఎక్కించి, వేరువేరు ఉష్ణోగ్రతల్లో ఉంచారు. వెచ్చగా ఉంచినవాటిలో ఎక్కువ బతికాయి. చల్లగా ఉంచినవాటిలో ఎక్కువ చచ్చిపోయాయి. రోగంతో పోరాడే తెల్లకణాలు సరిగా పనిచేయాలంటే బల్లికి వెచ్చని చోటు కావాలన్నమాట. వెచ్చదనం అంటే ఎండ కాదు. మూత పెట్టిన సీసాను ఎండలో పెడితే లోపలి గాలి కొద్దిసేపట్లోనే ప్రాణం తీసేంత వేడెక్కుతుంది.

చీము పట్టిందని ఎలా తెలుస్తుంది?

గాయం చుట్టూ వాపు, రోజురోజుకూ పైకి పాకే ఎరుపు లేక నలుపు, దుర్వాసన, మేత ముట్టకపోవడం, కదలకుండా పడి ఉండడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. రేపు చూద్దామనుకోకూడదు. 

బల్లి చీము మన చీములాగ కారదు. మన తెల్లకణాల్లో చచ్చిన కణాలను కరిగించే ఎంజైములు కొన్ని ఉన్నాయి. అందుకే మన చీము ద్రవంగా ఉంటుంది. సరీసృపాల తెల్లకణాల్లో ఆ శక్తి తక్కువ. కాబట్టి వాటి చీము జున్నుముక్కలాగ గట్టిగా, గడ్డకట్టి ఉంటుంది. పైకి గట్టి బుడిపెలా కనిపిస్తే, అది మానుతోందని చాలామంది పొరపడతారు. ఆ గడ్డ లోపలికి రక్తం చేరదు. రక్తం చేరని చోటికి మందు కూడా చేరదు. అందువల్ల వైద్యుడు గడ్డను తెరిచి శుభ్రం చేసిన తర్వాతే మందు పనిచేస్తుంది. మందు మోతాదు కూడా బల్లి బరువును బట్టి లెక్క కడతారు. కొన్ని పదుల గ్రాముల ప్రాణికి మనుషుల మాత్రను ముక్క చేసి వేయడం చాలా ప్రమాదం.

మేము చేసిన తప్పులు

ఇప్పుడు మా తరగతి బల్లి దగ్గరికి తిరిగి వద్దాం. దాని చావుకు కారణాలు మీరే చెప్పగలరు.

సగం తెగిన తోకను నేను సరిగా చూడలేదు. నీటుగా ఊడిన తోకకు చెప్పవలసిన మాటను నలిగిన తోకకు చెప్పాను. ఇది మొదటి తప్పు. దారం బిగించడం వల్ల ఉన్న కాస్త రక్తప్రసారం కూడా ఆగిపోయింది. వంటింటి పసుపులో ఔషధ గుణాలు ఉండవచ్చు కాని, అది సూక్ష్మజీవులు లేని పొడి కాదు. నూనెలో కలిపి ముద్దగా పెట్టడంతో మురికి, తడి లోపలే చిక్కుకున్నాయి. బల్లి ప్రాణమున్న పురుగులను తింటుంది, అన్నం మెతుకులు తినదు. ఆరు రోజులూ అది పస్తు ఉంది. కిటికీలోని సీసా పగలు కాగిపోయి, రాత్రి చల్లబడింది.

ఆ కుర్రాడి తప్పు ఏమీ లేదు. వాడు అడిగాడు. అడిగినప్పుడు కళ్ళతో చూసి చెప్పవలసినవాణ్ణి నేను. తర్వాత నేను ఏ తరగతిలో ఈ పాఠం చెప్పినా, ముందు ఆ బల్లి కథే చెబుతున్నాను.

గోడ మీది బల్లికి మనమేం చేయాలి?

చాలాసార్లు, ఏమీ చేయనక్కరలేదు. నీటుగా తోక ఊడిన ఇంటి బల్లిని పట్టుకోకండి. దానికి కావలసిన వెచ్చని చోటు, దాక్కునే సందు, తినే పురుగులు అన్నీ మీ గోడ మీదే ఉన్నాయి. దాన్ని వెంటాడకండి. దీపం దగ్గరినుంచి తోలేయకండి. అదే మీరు చేయగల పెద్ద సాయం. తోక నలిగి వేలాడుతుంటే పెద్దల సాయంతో, పలుచని గుడ్డతో ఒళ్ళు పట్టుకుని, తోక తాకకుండా, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి పశువైద్యుడికి చూపించండి. పెట్టెలో సాదా కాగితం చాలు. 

పెంచుకోవాలన్న సరదాతో బయట తిరిగే బల్లులను పట్టి తేకండి. మన తూర్పు కనుమల్లో కూడా చిరుత బల్లికి దగ్గరి చుట్టమైన ఒక జాతి ఉంది. విషప్రాణి అనుకుని జనం దాన్ని కనపడితే చంపుతారు. దానికి విషం లేదు. మన ఇంటి బల్లికీ విషం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో ఉన్న ప్రాణులను పట్టడం నేరమని కూడా తెలుసుకోండి.

విషం లేకపోయినా ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఆరోగ్యంగా కనిపించే బల్లి, తాబేలు పేగుల్లో కూడా సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. అది మనకు వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. చిన్న తాబేళ్ళతో ఆడుకున్న పిల్లలకు ఈ జబ్బు రావడం వల్ల, అమెరికాలో 1975లో నాలుగంగుళాల కంటే చిన్న డొప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. కాబట్టి బల్లిని గాని, దాని పెట్టెను గాని తాకితే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ పెట్టెను వంటింట్లో కడగకూడదు.

చేసి చూడండి

దీనికి బల్లిని తాకే పని లేదు. పది రోజులపాటు రాత్రి ఏడు నుంచి ఎనిమిది గంటలదాకా మీ ఇంటి వసారా దీపం దగ్గర చేరే బల్లులను దూరంనుంచి పరిశీలించండి. పాత తోక మీద చిన్న చిన్న మొనలు వరసలుగా, వలయాలుగా ఉంటాయి. కొత్తగా మొలిచిన తోక నున్నగా, ఒకే రంగులో ఉంటుంది. రెండూ కలిసే చోట గీత గీసినట్టు తేడా తెలుస్తుంది. నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి: తేదీ, పాత తోక బల్లులు, కొత్త తోక బల్లులు, తోకలేని బల్లులు. ఒకే బల్లిని రెండుసార్లు లెక్కించకుండా ఉండడానికి, ప్రతి రాత్రికీ విడిగా నూటికి ఎన్ని కొత్త తోకలో లెక్క కట్టండి. పిల్లి ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఏమైనా ఉందా? మీ స్నేహితుల లెక్కలతో పోల్చి చూడండి.

ఆలోచించండి

1. కొత్త తోకను బల్లి మధ్యలో ఎందుకు విరవలేదు?

2. ఊడిన బల్లి తోకకు వైద్యుడు కుట్లు ఎందుకు వేయడు?

3. గాయపడిన బల్లి తొట్టిలో ఇసుక బదులు కాగితం పరచడం వల్ల రెండు లాభాలు చెప్పండి.

4. శీతల రక్త జంతువుకు జబ్బు చేస్తే వెచ్చని చోటు ఎందుకు కావాలి?

5. మీ స్నేహితుడు సగం తెగిన తోకతో ఉన్న బల్లిని తెచ్చి “ఏం చేయాలి?” అని అడిగాడు. మీరేం చెబుతారు? జవాబు చెప్పే ముందు, దాని తోకను ఒక్కసారి దగ్గరగా చూడండి.